1899 ఫోటోలో కారుకి నంబర్ ప్లేట్ ఏదిరా అని నాన్న అడుగుతున్నాడు, తెలిసినవాళ్లు చెప్పండి

సుబ్బు_సౌతాంప్టన్:

అందరికీ నమస్తే. మేం సౌతాంప్టన్‌లో ఉంటాం, మొన్న శనివారం ఏదో పుణ్యాన వాన లేదని పిల్లల్ని తీసుకుని బ్యూలీ వెళ్లాం, అదే నేషనల్ మోటార్ మ్యూజియం ఉన్న ఊరు. (స్పెల్లింగ్ చూస్తే బ్యూలియూ అని చదువుతాం, ఇక్కడివాళ్లు బ్యూలీ అంటారు, వచ్చిన కొత్తలో ఆఫీసులో బ్యూలియూ అని నవ్వులపాలయ్యాను.) అక్కడ ఒక పాత ఫోటో చూశా. పైకప్పు లేని పెద్ద బండి, గుర్రబ్బండికి గుర్రం తీసేసినట్టు ఉంటుంది, దాని మీద ఎత్తుగా కూర్చున్న మనుషులు. కింద రాసింది చదువుదామంటే మా చిన్నోడు అర్జెంటు అని గోల, గబగబా ఫోన్‌లో ఒక క్లిక్ కొట్టి పరిగెత్తాను. చూసినంతలో గుర్తున్నది ఏంటంటే 1899, హైక్లిఫ్ కాజిల్, ముందు సీట్లో ఉన్నది ప్రిన్స్ ఆఫ్ వేల్స్, అంటే తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయినాయన, బండి తోలేది జాన్ స్కాట్ మాంటేగు అనే ఎంపీ.

ఆ ఫోటో నాన్నకి వాట్సాప్ చేశా. ఆయన రాజమండ్రిలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యాడు, ఏపీ 11 జెడ్ బళ్లు తోలిన చెయ్యి, బండి ఫోటో కనపడితే మనుషుల్ని చూడడు. అరగంటలో నాలుగు వాయిస్ మెసేజ్‌లు. నంబర్ ప్లేట్ ఏదిరా? ముందు అద్దం ఏది? ఎంపీ అయ్యుండి తనే తోలడమేంటి, డ్రైవర్‌ని పెట్టుకోలేదా, అసలు లైసెన్స్ ఉందా? ఆఖరిది ఇంకో ప్రశ్న, అప్పట్లో ఇంగ్లండులో కారు ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలని ఎక్కడో చదివాను, వాడేడి?

నాకు ఒక్కదానికీ జవాబు తెలీదు. ఆయన మాత్రం రోజూ అడుగుతున్నాడు. పాత బళ్లు, చరిత్ర తెలిసినవాళ్లు ఎవరన్నా ఉంటే పుణ్యం కట్టుకోండి.


లా_లక్ష్మి:

సుబ్బూ, నాన్నగారివి చాలావరకు చట్టం ప్రశ్నలే, కాబట్టి నా ఏరియా. ముందు ఎర్రజెండా సంగతి. అది 1865 నాటి చట్టం, కార్ల కోసం పెట్టింది కాదు, అప్పటికి కార్లే లేవు. రోడ్డు మీద నడిచే ఆవిరి ఇంజన్ల కోసం. ఊరి బయట గంటకి 4 మైళ్లు, ఊళ్లో 2 మైళ్లు, ముందు 60 గజాల దూరంలో జెండాతో ఒక మనిషి. 2 మైళ్లంటే మా అమ్మమ్మ గుడికి నడిచే స్పీడు. 1878లో జెండా తప్పనిసరి కాదన్నారు గానీ ముందు మనిషి నడవడం మాత్రం ఉండిపోయింది. పెట్రోలు కార్లు వచ్చాక కూడా చట్టం దృష్టిలో అవీ రోడ్డు ఇంజన్లే, అందుకే ఫ్రాన్స్, జర్మనీ ముందుకి పోతుంటే ఇంగ్లండు చూస్తూ కూర్చుంది.

1896లో చట్టం మార్చారు. 3 టన్నుల లోపు బళ్లకి ముందు మనిషి అక్కర్లేదు, స్పీడు 14 మైళ్ల వరకు పోవచ్చు అన్నారు, ఆ పై లోకల్ గవర్నమెంట్ బోర్డు అనే ప్రభుత్వ శాఖ దాన్ని 12కి కోసేసింది. అది అమల్లోకి వచ్చిన రోజు 1896 నవంబరు 14, ఆ రోజు పండగలా లండన్ నుంచి బ్రైటన్‌కి కార్ల ఊరేగింపు తీశారు, ఇప్పటికీ ఏటా నవంబరులో ముసలి కార్లతో దాన్ని చేస్తారు, సుబ్బూ వీలైతే నాన్నగారు వచ్చినప్పుడు చూపించు. కాబట్టి 1899 ఫోటోలో జెండావాడు ఉండడు, వాడి ఉద్యోగం పోయి మూడేళ్లయింది.

నంబర్ ప్లేటు, లైసెన్సు రెండూ 1903 మోటార్ కార్ చట్టంతో వచ్చాయి, అమలు 1904 జనవరి 1 నుంచి. ఫోటో అంతకంటే ముందుది కాబట్టి ప్లేటూ లేదు, లైసెన్సూ లేదు, అడిగేవాడూ లేడు. తర్వాత వచ్చిన లైసెన్సు గొప్పదనం కూడా వినండి, 5 షిల్లింగులు కడితే ఇచ్చేసేవాళ్లు, టెస్ట్ గిస్ట్ ఏం లేదు, 17 ఏళ్లు నిండితే చాలు. బ్రిటన్‌లో డ్రైవింగ్ టెస్ట్ తప్పనిసరి అయింది 1935లో, అంటే ముప్పై ఏళ్లకు పైగా డబ్బులు కట్టినవాడల్లా డ్రైవరే.


పాతసామాన్లు:

లక్ష్మిగారు చెప్పిందంతా కరెక్టే, ఒక్క చోట చిన్న కొర్రీ పెడతా. ప్లేటు లేదు కాబట్టి 1904 కంటే పాతది అనుకోవడం మామూలు బండికి సరే, ఇక్కడ పక్కన కూర్చున్నది కాబోయే రాజు. బ్రిటన్‌లో రాజుగారి అధికారిక కార్లకి ఇప్పటికీ నంబర్ ప్లేట్ ఉండదు. ఫోటోలో రాజకుటుంబం మనిషి కనపడితే ప్లేట్ లేకపోవడం ఒక్కటే ఆధారంగా తేదీ కట్టకూడదు. మరి ఇది 1899 అని ఎలా నమ్మాలి అంటే, బండి రాజుగారిది కాదు మాంటేగుది, 12 హార్స్‌పవర్ డైమ్లర్, నాలుగు సిలిండర్లు, కొవెంట్రీలో తయారైంది, ఆ ఏడాదే కొన్నాడు. ఇంకోటి, ఎడ్వర్డ్ 1901 జనవరిలో రాజయ్యాడు, కింద ప్రిన్స్ అని రాసి ఉందంటే దానికి ముందే. అలా రెండు మూడు వైపుల నుంచి వచ్చి కలవాలి. నేను పాత ఫోటోలు కొంటుంటా, ఈ లెక్క తెలీక రెండుసార్లు డబ్బులు పోగొట్టుకున్నా కాబట్టి చెప్తున్నా.

12 హార్స్‌పవర్ అంటే అంకెలో ఇప్పటి 125 సీసీ బైకు పక్కన పెట్టొచ్చు. దాంతో అంత ఇనుము, అంత చెక్క, పైన నలుగురు మనుషులు. అద్దం గురించి అడిగారు కదా నాన్నగారు, అప్పటికి ముందు అద్దం అలవాటు లేదు. రోడ్లకి తారు లేదు. కంకర మట్టి రోడ్డు మీద పోతే దుమ్మంతా మొహం మీదే, అందుకే ఆ కాలం ఫోటోల్లో కారెక్కినవాళ్లు కాళ్లదాకా కోట్లు, కళ్లజోళ్లు, ఆడవాళ్లయితే టోపీ ఎగిరిపోకుండా గడ్డం కిందకి గుడ్డ కట్టుకుని ముసుగుదొంగల్లా ఉంటారు. ఈ ఫోటోలో అలా లేరంటే ఇది ప్రయాణం ఫోటో కాదు, ఇంటి ముందు పోజు ఫోటో.

దీంట్లోనే అసలు సంగతి ఉంది. చాలా చోట్ల ప్రిన్స్ కారెక్కడం ఇదే మొదటిసారి అని రాస్తుంటారు, అది తప్పు. 1896 ఫిబ్రవరిలోనే లండన్‌లో ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర ఆయన్ని డైమ్లర్‌లో తిప్పారు. మొదటిసారి కాకపోయినా ఈ ఫోటోకి అంత పేరెందుకంటే, అప్పట్లో పెద్దింటివాళ్ల దృష్టిలో కారంటే చప్పుడు చేసే కంపు యంత్రం, గుర్రాల్ని బెదరగొట్టేది, మెకానిక్కులు పిచ్చివాళ్లు ఎక్కేది. దాని మీద యువరాజుని కూర్చోబెట్టి ఫోటో దిగితే ఇంకెవడు నోరెత్తుతాడు? మరుసటి ఏడాది 1900లో ప్రిన్స్ తనే ఒక డైమ్లర్ కొనుక్కున్నాడు. హీరోగారు ఏదో బ్రాండ్ వాచీ పెట్టుకుని కనపడితే జనం ఎగబడ్డట్టే, ఇంకేం తేడా లేదు. నన్నడిగితే ఇది ఫోటో కాదు, పోస్టరు.


రైల్వేబాబాయి:

ఎంపీ తనే ఎందుకు తోలాడు అన్న మాటకి నేను చెప్తానండి, అది నాకు నచ్చిన పాయింటు. ఈ మాంటేగు లార్డుగారి అబ్బాయి, ఈటన్, ఆక్స్‌ఫర్డు, అన్నీ ఉన్నాయి, అయినా చదువు అవగానే చేసిన పని ఏంటంటే లండన్ అండ్ సౌత్ వెస్ట్రన్ రైల్వే వాళ్ల నైన్ ఎల్మ్స్ వర్క్‌షాపులో చేరి ఒళ్లంతా మసి పూసుకుని పని నేర్చుకున్నాడు. రైలింజన్ నడపడం వచ్చు. ఊరికే వచ్చు అనడం కాదండోయ్, 1926లో అక్కడ జనరల్ స్ట్రైక్ జరిగినప్పుడు దాదాపు అరవై ఏళ్ల వయసులో ఈయన రైలు నడిపాడు. నేను కాజీపేట లోకో షెడ్డులో ముప్పై నాలుగేళ్లు చేసినవాణ్ణి, స్ట్రైక్‌లో బండి తీసినవాణ్ణి మెచ్చుకోవడానికి నాకు మనసొప్పదు, కానీ చేతిలో పని ఉందని మాత్రం ఒప్పుకోవాలి. అలాంటివాడు స్టీరింగ్ ఇంకొకడి చేతిలో ఎందుకు పెడతాడు.

అదే 1899లో ఇంకో రెండు పనులు చేశాడు. ఒకటి, ప్యారిస్ నుంచి బెల్జియంలోని ఆస్టెండ్ దాకా జరిగే రేసుకి ఈ డైమ్లర్ తీసుకెళ్లి టూరిస్టు తరగతిలో మూడో స్థానం కొట్టాడు, ఇంగ్లీషు బండిలో ఇంగ్లీషువాడు యూరప్‌లో రేసుకి దిగడం అదే మొదలని అంటారు. రెండోది పార్లమెంటు గొడవ. ఈయన ఎంపీ, 1892 నుంచి న్యూ ఫారెస్ట్ నియోజకవర్గం, కారు వేసుకుని నేరుగా పార్లమెంటు ఆవరణలోకి, ప్యాలెస్ యార్డు అంటారు, అందులోకి పోనిస్తే గేటు దగ్గర పోలీసు ఆపేశాడు. గుర్రబ్బళ్లు పోతాయి గానీ ఇది కుదరదన్నాడు. ఈయన ఊరుకోలేదు, స్పీకర్ గల్లీగారి దాకా వెళ్లి, మెంబరు సభకి ఎలా వస్తే పోలీసుకేంటి అని అడిగితే స్పీకరు ఈయన వైపే చెప్పాడు. ఆ పోలీసుని తలుచుకుంటే నాకు జాలేస్తుంది, అప్పటిదాకా వాడి రూలు పుస్తకంలో కారు అన్న మాటే ఉండి ఉండదు, వాడు మాత్రం ఏం చేస్తాడు పాపం.


చార్మినార్_చాయ్:

అరె వాహ్, మాంటేగు టాపిక్ వచ్చిందా, ఈయనకి మన దేశంతోని లింకు ఉంది, అది ఎవ్వలు చెప్పలేదు గద. మొదటి ప్రపంచయుద్ధం టైమ్‌ల ఈయన్ని ఇండియా గవర్నమెంటుకి మోటారు బండ్ల సలహాదారుగా పెట్టిండ్రు. అప్పటికే తండ్రి పోయి లార్డ్ మాంటేగు అయిండు, 1905ల. 1915 డిసెంబర్‌ల ఇండియాకి వస్తాంటే పర్షియా అనే ఓడ ఎక్కిండు, పీ అండ్ ఓ అనే ఓడల కంపెనీ వాళ్లది, బొంబాయి వచ్చే ఓడ. డిసెంబర్ 30న మధ్యాహ్నం, అందరు అన్నానికి కూసున్న టైమ్‌ల, క్రీట్ దీవి అవతల జర్మన్ సబ్‌మెరీన్ యు 38 టార్పెడో కొట్టింది. పది నిమిషాలు గూడ పట్టలే, ఓడ మునిగింది. 500 మందికి పైన ఉంటే 343 మంది సచ్చిపోయిండ్రు. ఈయన గాలి నింపుకునే కోటు లాంటిది తొడుక్కున్నడు, దాంతోని పైకి తేలి, ఒక పగిలిన పడవ పట్టుకుని ఒక రోజు పైన సముద్రంల ఉన్నడు. ఇంటికి చేరేవరకు పేపర్ల ఈయన పోయిండని రాసేసిండ్రు, తన సావు వార్త తనే కూసోని చదువుకున్నడు.

ఇగ అసలు బాధ ఏందంటే, పక్కన ఉన్న ఎలెనార్ థార్న్‌టన్ మునిగిపోయింది. ఆమె ఈయన సెక్రటరీ, సెక్రటరీ అంటే ఊరికే సెక్రటరీ కాదు, ఇద్దరికి బిడ్డ గూడ ఉంది, అప్పటి సమాజంల బయటికి చెప్పుకోలేని ముచ్చట. ఈయన 1902ల ద కార్ ఇలస్ట్రేటెడ్ అని వారపత్రిక పెట్టిండు, ఆమె అండ్లనే పని చేసింది. ఆ పత్రికకి బొమ్మలు గీసే చార్లెస్ సైక్స్ అనేటాయన మాంటేగు రోల్స్ రాయిస్ ముంగట పెట్టనీకి ఒక చిన్న బొమ్మ చేసిచ్చిండు, పెదాల మీద వేలు పెట్టుకున్న అమ్మాయి, దాని పేరు విస్పర్, అంటే గుసగుస. పేరులనే మొత్తం కథ ఉంది, నవ్వాలనో ఏడ్వాలనో తెల్వది. 1911ల రోల్స్ రాయిస్ కంపెనీ కోసం అదే సైక్స్ రెక్కల్లాగ బట్ట ఎగిరే బొమ్మ చేసిండు, ఇయ్యాల్టికి ప్రతి రోల్స్ రాయిస్ ముంగట ఉండేది అదే, దానికి మోడల్ ఈమెనే అని చానమంది నమ్ముతరు.

మా హైదరాబాద్‌ల చౌమహల్లా ప్యాలెస్‌కి పోతే పసుపు రంగు పాత రోల్స్ రాయిస్ ఉంటది, ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డర్ ఇచ్చిండు, బండి వచ్చేలోపు 1911ల ఆయన గుజరిపోయిండు. నేను చిన్నప్పుడు దాని ముంగట నిలవడి ఫోటో దిగిన, అప్పుడు ఈ ఓడ కథలు ఏం తెల్వదు, రంగు మంచిగుందని దిగిన అంతే.


లా_లక్ష్మి:

చాయ్ బ్రో, ఓడ కథ చదివి కాసేపు ఏం టైప్ చేయలేకపోయాను. కానీ అందరూ మాంటేగుని మోసేస్తున్నారు కదా, కాస్త అవతలి పక్షం కూడా వినిపిస్తా, వృత్తి ధర్మం.

ఈయన ఎంపీ. కార్ల పత్రిక ఓనరు. పార్లమెంటులో కార్ల చట్టం మీద గట్టిగా మాట్లాడేది ఈయనే. ఇవాళైతే టీవీల్లో వారం రోజులు డిబేట్ పెట్టేవాళ్లు. 1903లో బేరం ఎలా నడిచిందంటే, కారువాళ్లకి స్పీడు లిమిట్ తీసేయాలి, జనానికి దుమ్ము లేపి గుద్దేసి పారిపోయేవాడు దొరకాలి. మాంటేగు ఏమన్నాడంటే, నంబర్లు వేసుకుంటాం, ర్యాష్‌గా తోలినవాణ్ణి శిక్షించండి, లిమిట్ ఎత్తేయండి. ఇందుకు కారువాళ్లలోనే చాలామంది ఈయన మీద మండిపడ్డారు, మేమేమన్నా అద్దె బళ్లమా నంబరు తగిలించుకోడానికి అని. బిల్లు లార్డ్స్‌లో, అంటే పెద్దల సభలో, మొదలైనప్పుడు లిమిట్ లేదు, కామన్స్‌కి, అంటే ఎంపీల సభకి, వచ్చాక, దాన్ని నడిపించిన మంత్రి వాల్టర్ లాంగ్, 20 మైళ్లు అని పెట్టారు. అంటే మన లెక్కలో 32 కిలోమీటర్లు. నంబరూ వచ్చింది, లిమిటూ ఉంది, రెండు రకాలా చిక్కారు. తమాషా ఏంటంటే అప్పుడు ప్రధాని బాల్ఫోర్, ఆయనకీ కార్ల పిచ్చే, అయినా కుదరలేదు.

లిమిట్ పెట్టాక పోలీసులు పొదల వెనక స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చోవడం, కొలిచిన దూరం ఎన్ని సెకన్లలో దాటాడో చూసి ఫైన్ వేయడం. దానికి విరుగుడుగా 1905లో కారువాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు, ఆటోమొబైల్ అసోసియేషన్, సైకిళ్ల మీద మనుషుల్ని పెట్టి ముందు పోలీసులున్నారని చెప్పించడమే మొదట్లో దాని పని. మన హైవే మీద ఎదురొచ్చే లారీ డ్రైవరు లైట్లు కొట్టినట్టు అన్నమాట. ఆ రోడ్డు పక్క గుడిసెలో ఉండేవాడి సంగతి మాత్రం ఎవరూ ఫోటో తీయలేదు, కిటికీ తెరిస్తే అన్నంలో దుమ్ము, ఆరేసిన బట్టల మీద దుమ్ము. మోటారు పేరు చెబితే పల్లెల్లో పళ్లు కొరికేవాళ్లంటే ఊరికే కాదు.


పాతసామాన్లు:

అద్దె బళ్లమా అన్నారు గానీ నంబరు కోసం ఎగబడినవాళ్లూ ఉన్నారు లక్ష్మిగారూ. లండన్‌కి ఏ అనే అక్షరం ఇచ్చారు, ఏ 1 నంబరు ఎర్ల్ రస్సెల్‌కి వచ్చింది, తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ వాళ్లన్నయ్య. దాని కోసం రాత్రంతా ఆఫీసు బయట కాచుకున్నాడని చెప్పుకుంటారు. ఫ్యాన్సీ నంబరుకి లక్షలు పోసే జబ్బు మనవాళ్లదే అనుకుంటాం, పుట్టిన రోజు నుంచీ ఉంది అది. ఈ ఫోటో తీసిన హైక్లిఫ్ అప్పట్లో ఉన్న హాంప్‌షైర్‌కి, బ్యూలీ కూడా అదే జిల్లా, ఏఏ ఇచ్చారు.


సుబ్బు_సౌతాంప్టన్:

అబ్బా, అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వస్తుందనుకోలేదు. రాత్రి నాన్నకి వీడియో కాల్ చేసి మొత్తం చదివి వినిపించా. జెండావాడి ఉద్యోగం పోయింది అంటే నవ్వాడు. ఓడ దగ్గర ఏం మాట్లాడలేదు. రైల్వేబాబాయి గారి పోస్టు రెండుసార్లు చదివించుకున్నాడు, కాజీపేట షెడ్డు అనగానే ఎవరో దూరపు చుట్టం అక్కడే చేశాడని పేర్లు మొదలెట్టాడు, అది వేరే కథ.

ఆయనకి మండింది మాత్రం ఒక్కచోటే, టెస్ట్ లేకుండా 5 షిల్లింగులకి లైసెన్స్. హెవీ లైసెన్స్ కోసం ఈయన ఎండలో పొద్దున ఏడింటి నుంచి నిలబడి, డ్రమ్ముల మధ్య రివర్స్ తీయమంటే వెనక చక్రం ఒక్క జానెడు తగిలిందని పంపేశారట, మళ్లీ నెల తర్వాత వెళ్లాడట. నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఒక్క జానెడురా అని వేళ్లు చాపి స్క్రీన్ ముందు పెట్టి చూపించాడు, మా పెద్దోడు కూడా వేళ్లు చాపి కొలుచుకుంటున్నాడు.

ఫోన్ పెట్టేసే ముందు ఇంకో ప్రశ్న. హాంప్‌షైర్‌కి ఏఏ అన్నారు కదా, మరి ఏఏ 1 ఎవరికి వచ్చిందో కనుక్కో అన్నాడు. మా ఆవిడ ఆదివారం టికెట్లు చూస్తోంది.